మెట్రిక్‌కు సమానం

మా ఇంట్లో మెట్రిక్ చదవకుండానే మెట్రిక్‌కు సమానమైనవాళ్లం ఇద్దరం ఉండేవాళ్లం. నేనూ, మా వదినా. సమానం అన్న మాట ప్రభుత్వం వారిది. ఆ మాట సంపాదించుకోవడం ఒక కష్టమైతే, దాన్ని కాలేజీ వాళ్ల చేత ఒప్పించుకోవడం ఇంకో కష్టమైంది.

మాది నాంపల్లి. స్టేషన్ ఎదుటి సందుల్లో ఒక కిరాయి ఇల్లు. నాయనకు అబిడ్స్‌లో చిన్న కాగితాల దుకాణం ఉండేది. పోలీస్ యాక్షన్‌కు ముందు పట్నంలో గడబిడలు మొదలైనప్పుడు నేను ఉర్దూ బడిలో నాలుగో తరగతిలో ఉన్నాను. నాయన అమ్మనూ మమ్మల్నీ షోలాపూర్‌లో మా మేనత్త ఇంటికి పంపాడు. అంతా సద్దుమణిగి మేము తిరిగి వచ్చేసరికి నా ఈడు పిల్లలు రెండు తరగతులు ముందుకు వెళ్లిపోయారు. నాకంటే చిన్నపిల్లల పక్కన కూర్చోవడానికి నాకు సిగ్గేసింది. పెద్దమనిషయ్యే ఈడు దగ్గరపడిందని అమ్మ కూడా వద్దంది. నాయన పట్టుబట్టలేదు. ఎవరూ ఆపినట్టు లేకుండానే నా చదువు ఆగిపోయింది.

వదిన సంగతీ దాదాపు అంతే. ఆమెది జనగామ వైపు పల్లె. ఊళ్లో సాయుధుల రాకపోకలు, పోలీసుల రాకపోకలు ఎక్కువై బడి మూతపడింది. తర్వాత ఆ బడి తెరిచినా పంతులు తిరిగి రాలేదు. వాళ్ల తాత దగ్గర తెలుగు మాత్రం బాగా నేర్చుకుంది. అన్నను చేసుకొని మా ఇంటికి వచ్చిన కొత్తలో, దుకాణం నుంచి సామాను చుట్టి వచ్చిన పాత పత్రికల కాగితాలను సాపు చేసి, వంటింట్లో గోడకు ఆనుకొని చదువుతూ కూర్చునేది. ఆమె నాకంటే ఒక్క ఏడాదే పెద్ద. వదిన అని పిలిచేదాన్నే కాని, స్నేహం మాత్రం ఈడు పిల్లల స్నేహం.

రాష్ట్రం ఏర్పడ్డ తర్వాత మా ఇంటికి దగ్గరలోనే ఒక మేడ మీద, మధ్యాహ్నాలు ఆడవాళ్లకు హిందీ నేర్పడం మొదలుపెట్టారు. చెప్పే పంతులుగారు ఖద్దరు వేసుకునే పెద్దాయన. ఇద్దరూ కలిసే పోతున్నారు కదా అని అమ్మ ఒప్పుకుంది. మాట్లాడటం నాకు ముందే వచ్చు. పట్నంలో పుట్టి పెరిగిన నాకు ఆ మాట గల్లీలోనే అబ్బింది. కాని నేను 'కితాబ్' అంటే పంతులుగారు 'పుస్తక్' అనమనేవారు, 'ఇంతెహాన్' అంటే 'పరీక్షా' అనమనేవారు. వదినకు ఆ చిక్కు లేదు. ఆమె మొదటినుంచీ పుస్తకాల మాటతోనే నేర్చుకుంది. ఒక పరీక్ష తర్వాత ఒక పరీక్ష రాసుకుంటూ పోయాం. చివరికి విశారద కూడా ఇద్దరం పాసయ్యాం. ఆమెకు మొదటి తరగతి, నాకు రెండో తరగతి.

ఆ రోజు పంతులుగారు మమ్మల్ని ఆగమని చెప్పి, విశారద పాసైనవాళ్లు ఇంగ్లీషు ఒక్కటి ప్రైవేటుగా రాసి గట్టెక్కితే మెట్రిక్‌కు సమానంగా చూస్తారని, కాలేజీలో కూడా చేరవచ్చని చెప్పారు. మేము మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చాం. ఇంటి మలుపు దగ్గర వదిన నిలబడింది.

"రాద్దామా?" అంది.

"ఇంగ్లీషు ఎవరు చెప్తరు?" అన్నాను.

"మీ అన్న ఉన్నడు గదా."

అన్న ఒక సర్కారు ఆఫీసులో టైపిస్టు. ఆయనకు వచ్చిన ఇంగ్లీషు ఆఫీసు ఇంగ్లీషు. ఆవు మీద వ్యాసం రాయమంటే వదిన ఆవు గురించి చక్కగా రాసి, చివర 'తమ విధేయురాలైన సేవకురాలు' అన్న అర్థం వచ్చే ఆఫీసు మాటలు కలిపింది. ఏ కాగితమైనా అలాగే ముగియాలని ఆమె అనుకుంది. అన్న చాలాసేపు నవ్వి, ఆవు తరఫున నువ్వెందుకు దండం పెడుతున్నావని అడిగాడు. ఆ మనిషి ఆఫీసు నుంచి అలసి వచ్చి కూడా రోజూ మా ఇద్దరికీ పాఠం చెప్పేవాడు. వదినకు చెప్పేటప్పుడు ఒక్కోసారి అమ్మ వింటున్నదేమోనని గొంతు తగ్గించేవాడు. భార్యకు చదువు చెప్పే మొగుణ్ణి చూసి నలుగురూ ఏమనుకుంటారోనని ఆయనకు కొంచెం మొహమాటం.

పరీక్ష రాశాం. ఇద్దరం పాసయ్యాం. ఆ సంతోషం ఇంట్లో నిలవలేదు. అన్నకు చాన్నాళ్లుగా సాయంత్రం పూట జ్వరం తగులుతూ ఉండేది. దగ్గు మందుతో సరిపెట్టుకుంటూ వచ్చాడు. చివరికి ఎక్స్‌రే తీస్తే క్షయ అని తేలింది. ఊరి బయట దవాఖానలో చేర్చుకున్నారు. మొదట సగం జీతం వచ్చింది, తర్వాత అదీ ఆగిపోయింది. నాకు వస్తున్న సంబంధాలు కూడా అప్పటినుంచి రావడం మానేశాయి.

వదిన ఉద్యోగం చెయ్యాలని నిశ్చయించుకున్నది అప్పుడే. టీచరు కావాలి. కాని ఆమె చేతిలో ఉన్న కాగితాలతో ఎక్కడికి వెళ్లినా, మెట్రిక్ కాదు కదా, హిందీ పరీక్ష కదా అనేవారు. హిందీ పంతులుగారే ఒక దారి చెప్పారు. కాలేజీలో చేరి, డిగ్రీకి ముందు ఉండే ఒక ఏడాది పి.యు.సి. పాసైతే, ఆ తర్వాత కింద ఏం చదివావని ఎవరూ అడగరన్నారు. నన్ను కూడా చేరమన్నారు.

అబిడ్స్ వెనక ఒక పాత బంగళాలో అప్పట్లో కొత్తగా ఆడపిల్లల కాలేజీ ఒకటి పెట్టారు. ఇప్పుడది లేదు. ఇద్దరం వెళ్లాం. గుమాస్తా మా కాగితాలు అటూ ఇటూ తిప్పి చూసి, ఇవి చెల్లవని తిరిగి ఇచ్చేశాడు. వదిన వాటిని తీసుకోలేదు.

"చెల్లయని మీరంటున్నరా, ప్రిన్సిపాలమ్మ అంటున్నరా?" అని అడిగింది.

ఆమె గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది. గుమాస్తా ఆ కాగితాలు తీసుకుని లోపలికి వెళ్లాడు.

ప్రిన్సిపాలు మద్రాసులో చదువుకుని వచ్చిన ఆంధ్రావైపు ఆమె. తెల్లచీర, నెరసిన జుట్టు. మమ్మల్ని కూర్చోమన్నారు. అంతవరకు ఏ ఆఫీసులోనూ మమ్మల్ని కూర్చోమన్నవాళ్లు లేరు. కాగితాలు నిదానంగా చదివి, యూనివర్సిటీ ఈ పరీక్షను ఒప్పుకొంటుంది కనుక చేర్చుకోవడానికి తమకు అభ్యంతరం లేదన్నారు. వదిన వెంటనే స్కాలర్‌షిప్ సంగతి అడిగింది. ఒక దాత ఆ కాలేజీలో ఏటా ఒక పేద విద్యార్థినికి చదువు ఖర్చంతా ఇచ్చే ఏర్పాటు చేశాడు. ప్రిన్సిపాలమ్మ మా కాగితాలు మరోసారి చూశారు.

"దాన్ని మెట్రిక్ మార్కులు చూసి ఇస్తారమ్మా. మీ విశారదలో తరగతే ఉంది, మార్కులు లేవు. అయినా దరఖాస్తు పెట్టండి. కమిటీ ముందు నేను మాట్లాడతాను" అన్నారు.

కమిటీ వాళ్లు వదినను పిలిపించారు. నేను స్కాలర్‌షిప్ అడగలేదు, వదినకు తోడుగా వెళ్లాను. పొడుగాటి బల్ల వెనక ముగ్గురు మగవాళ్లు, ప్రిన్సిపాలమ్మ. అడగవలసినవన్నీ వాళ్లలో పెద్దాయనే అడిగాడు. ఆయన వకీలు. చెడ్డవాడని నేను అనను. గొంతు ఎత్తలేదు, ఎగతాళి చెయ్యలేదు.

"అమ్మా, మీ హిందీ పరీక్షలల్ల లెక్కలు ఉంటయా?"

"ఉండయండి."

"భూగోళం? సైన్సు?"

"లేవండి."

"మరి బడిల పదేండ్లు కూసొని అన్నీ చదివిన పిల్లకు, మీకు సమానం ఎట్లయితది? ఆ పిల్లకు అన్యాయం కాదా?"

వదిన తల వంచుకుంది. తర్వాత ఆమె తలెత్తింది.

"నేను సమానమని అంటలేనండి. ఆ పిల్లకు, నాకు ఒక్క తీరు పరీక్ష పెట్టి చూడుండ్రి అంటున్న."

ప్రిన్సిపాలమ్మ అదే మంచి మాట అన్నారు. స్కాలర్‌షిప్ అడిగినవాళ్లందరికీ కాలేజీయే ఒక పరీక్ష పెడుతుందని, తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు, సామాన్య విషయాలు అందులో ఉంటాయని చెప్పారు. వకీలు కూడా తల ఊపాడు.

ఆ పరీక్షకు వదిన చదివినట్టు ఎవరూ చదివి ఉండరు. లెక్కలు ఆమెకు కొత్త. నాయన దుకాణం మూసి ఇంటికి వచ్చాక, అన్నం తినకముందే ఆమెకు శాతాలు, వడ్డీలు చెప్పేవాడు. కోడలికి ఎదురుగా కూర్చుని చెప్పడం ఆయనకు అలవాటు లేదు. గోడవైపు తిరిగి చెప్పేవాడు. ఆమె పలక మీద చేసి నా చేతికి ఇస్తే, నేను ఆయనకు చూపించేదాన్ని. అమ్మ ఇదంతా చూస్తూ తన పని చేసుకునేది. ఒకసారి మాత్రం వదిన చేతిలో చాట తీసుకుని, నువ్వు పోయి చదువుకో, బియ్యం నేను ఏరుకుంటా అంది. మా అమ్మ నోట అలాంటి మాట నేను అంతకు ముందు వినలేదు.

కాలేజీ హాల్లో బడి పిల్లలతో కలిసి వదిన ఆ పరీక్ష రాసింది. మంగళసూత్రం ఉన్నది ఆమె ఒక్కదానికే. లెక్కల్లో కొన్ని తప్పులు పడ్డాయి. తెలుగులో, సామాన్య విషయాల్లో ఆమెకు దగ్గరగా ఎవరూ రాలేదు. అన్నీ కలిపితే ఆమే మొదట ఉంది.

అయినా స్కాలర్‌షిప్ రాలేదు. ప్రిన్సిపాలమ్మ మమ్మల్ని పిలిచి, దాచకుండా చెప్పారు. దాత రాసి ఇచ్చిన షరతుల్లో మెట్రిక్ మార్కులు అన్న మాట స్పష్టంగా ఉంది. పరీక్ష పెట్టడం మంచిదే కాని, షరతు మార్చకుండా దాని ప్రకారం ఇస్తే రేపు ఇంకొకరు అడ్డం తిరుగుతారని కమిటీ అన్నది. షరతు మార్చడానికి దాత ఊళ్లో లేడు. ఈ ఏడు మెట్రిక్ మార్కులున్న ఒక అమ్మాయికి ఇచ్చేశారు. వచ్చే ఏటికి మారుస్తామన్నారు.

"నా చేత అయింది చేశాను. సరిపోలేదు. నన్ను క్షమించమ్మా" అన్నారు ఆమె.

వదిన లేచి నమస్కారం పెట్టింది. బయటికి వచ్చాక అబిడ్స్ రోడ్డు మీద మేము చాలాదూరం నడిచాం. దుకాణాల ముందు జనం, రిక్షాలు, పండ్ల బండ్లు. ఆమె ముఖం చూడడానికి నాకు ధైర్యం చాలలేదు. వకీలు మీద, దాత మీద, ఆ ఏడు స్కాలర్‌షిప్ దొరికిన అమ్మాయి మీద కూడా నాకు కోపం వచ్చింది. ఆ అమ్మాయి ఏం చేసింది పాపం. ఆమె తండ్రి కూడా డబ్బు లేనివాడేనని తర్వాత తెలిసింది.

ఆ రోజు అన్నం తిన్న తర్వాత నాయన ఇద్దరినీ కూర్చోబెట్టాడు. దవాఖాన మందులు పోగా తనవల్ల ఒక్కరి చదువే అవుతుందని చెప్పాడు. ఎవరనేది చెప్పలేదు. మా ఇద్దరిలో ఎవరి మీదా చూపు నిలపలేక నేల చూశాడు. అన్నకు ఒంట్లో బాగాలేదు కనుక ఉద్యోగం వదినకే అవసరమని నేను అన్నాను. వదిన ఒప్పుకోలేదు.

"ఇద్దరం ఇంట్ల కూసుంటే ఏమొస్తది? నేను కాలేజీకి పోతే దవాఖానకు ఎవరు పోతరు? నువ్వు చేరు. రోజూ వచ్చి నాకు పాఠం చెప్పు. వచ్చే ఏడు నేను చేరే వరకు సగం నాకు వచ్చే ఉంటది."

అలా నేను కాలేజీలో చేరాను. తోటి పిల్లలకంటే నాలుగైదేళ్లు పెద్ద. వాళ్లు నన్ను 'అక్కా' అనేవారు. సాయంత్రం ఇంటికి రాగానే వదినకు ఆ రోజు పాఠం అప్పజెప్పేదాన్ని. నాకు అర్థం కానిది ఆమె అడిగే ప్రశ్నల వల్ల అర్థమయ్యేది.

పగలు ఆమె దవాఖానకు వెళ్లేది. అన్నం, కూర టిఫిన్ డబ్బాలో పెట్టుకుని, కొంగు చాటున ఇంగ్లీషు పుస్తకం పెట్టుకుని బస్సెక్కేది. మంచానికి దూరంగా కూర్చోవాలని నర్సు చెప్పేది. అంత దూరం నుంచే ఆమె పైకి చదివేది, అన్న తప్పులు దిద్దేవాడు. వార్డులో మిగతా రోగులు కూడా వినేవారట. ఒక ముసలాయన ఆమె ఏదైనా మాట దగ్గర తడబడితే, జర నిదానంగా చదువు బిడ్డా అనేవాడట. అన్న గొంతు తగ్గిపోయిన తర్వాత తప్పు వస్తే చెయ్యి కొంచెం ఎత్తేవాడు. ఆమె ఆగి, మళ్లీ చదివేది. నేను సెలవు రోజుల్లో వెళ్లినప్పుడు ఈ చదువు చూశాను. ఇంట్లో ఉన్నప్పుడు వాళ్లిద్దరూ అంతసేపు మాట్లాడుకోవడం నేనెప్పుడూ ఎరగను.

ఎండలు ఇంకా ముదరలేదు. ఒక పొద్దున వదిన దవాఖానలో ఉండగానే అన్న పోయాడు. నాయన దుకాణం తాళం వెయ్యకుండానే పరుగెత్తాడు. ఆ రోజుల గురించి ఎక్కువ రాయలేను. కొడుకు పోయిన తర్వాత అమ్మ వంటింట్లోనుంచి బయటికి రావడమే తగ్గించేసింది. చుట్టాలు వదినను పుట్టింటికి పంపెయ్యమన్నారు. వదిన తండ్రి కూడా తీసుకుపోతానని వచ్చాడు. ఆయనకు మా నాయన చెప్పిన మాట నాకు బాగా గుర్తు.

"ఆమె కాలేజీల చేరేది ఉంది. అయినంక తన ఇష్టం. అప్పటిదాంక గీడనే ఉంటది."

దినాలు అయిన కొన్నాళ్లకు కాలేజీ నుంచి కబురు వచ్చింది. ప్రిన్సిపాలమ్మ మాట నిలబెట్టుకున్నారు. దాతను పట్టుకుని షరతు మార్పించారు. మెట్రిక్ గాని, దానికి సమానమైన ఇంకే పరీక్ష గాని పాసైనవాళ్లందరూ అర్హులే, కాలేజీ పెట్టే పరీక్షలో వచ్చిన మార్కులే చూస్తారు. వదిన మళ్లీ పరీక్ష రాయాలి. కిందటి ఏటి మార్కులు పనికిరావు.

ఆమె వెళుతుందో లేదో నాకు తెలియలేదు. అడగలేకపోయాను. పరీక్ష రోజు పొద్దున లేచేసరికి ఆమె స్నానం చేసి, బొట్టు లేని ముఖంతో, కలం చేతిలో పట్టుకుని గడప దగ్గర నిలబడి ఉంది. అమ్మ వెనక నుంచి వచ్చింది. భర్త పోయిన మనిషి ఎదురు రావడం మంచి శకునం కాదని మా ఇళ్లల్లో అనుకునేవారు, అయినా అమ్మ ముందుకు వచ్చి ఆమెకు ఎదురుగా నిలబడింది. అమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసి, పోయి రా బిడ్డా అంది.

ఈసారి లెక్కల్లో కూడా తప్పుల్లేవు. స్కాలర్‌షిప్ ఇస్తున్నామని చెప్పడానికి కమిటీ ఆమెను పిలిచినప్పుడు ఆ వకీలు కూడా ఉన్నాడట. ఆయన లేచి నిలబడి, నీ భర్త సంగతి తెలిసిందమ్మా, చాలా బాధైంది అన్నాడట.

వదిన పి.యు.సి. చేసింది, డిగ్రీ చేసింది, టీచరు ట్రైనింగ్ చేసింది. చాదర్‌ఘాట్ దగ్గర ఆడపిల్లల బడిలో ఉద్యోగం వచ్చింది. ఇంగ్లీషే చెప్పేది. నాకు కొంచెం ఆలస్యంగా పెళ్లైంది. మా ఆయనది కోఠిలో బ్యాంకు ఉద్యోగం. ఆ బడి దగ్గరే ఇల్లు తీసుకుని, అమ్మానాయనలను చివరిదాకా వదినే చూసుకుంది. ఆమెకు మళ్లీ పెళ్లి చేద్దామని నాయన ఒకటి రెండుసార్లు ప్రయత్నించాడు. ఆమె వద్దంది. ఎందుకని ఎవరూ గట్టిగా అడగలేదు.

డెబ్బైల్లో ఒక ఆదివారం మేమిద్దరం అబిడ్స్‌కు వెళ్లాం. ఆమె బడి పిల్లల కోసం పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాలు ఏరింది. తర్వాత పోస్టాఫీసు దగ్గర ఆమె బస్సు కోసం నిలబడ్డాం. ఎండ తగ్గింది. అంతకు ముందు వారమే ఆమె బడిలో ఒక గొడవ జరిగింది. వేరే రాష్ట్రం బోర్డు పరీక్ష రాసి వచ్చిన ఒక మిలిటరీ ఉద్యోగి కూతురికి స్కాలర్‌షిప్ ఇవ్వకూడదని కొందరు పట్టుబట్టారు. వదిన దానికి ఒప్పుకోక, హెడ్మిస్ట్రెస్‌తో వాదించి ఇప్పించింది. అప్పుడు నేను ఎన్నో ఏళ్లుగా అడగాలనుకున్న మాట అడిగాను. ఆ ఏడు నిన్ను ఆపినందుకు ఇంకా కోపముందా అని.

ఆమె పుస్తకాల సంచి ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంది.

"ఆ ఏడు స్కాలర్‌షిప్ నాకు వచ్చి ఉంటే, మీ అన్న పోయిన పొద్దు నేను కాలేజీల ఉంటుంటి. ఆయన పక్కన నర్సు ఉంటుండె. ఆ ఏడాదంత నేను ఆయన్తోని ఉన్న. గంత సేపు, గన్ని మాటలు. అది నాకు ఇంకెట్ల దొరుకుతుండె?"

నేను తల ఊపాను. అయితే అంతా మంచికే జరిగిందని నేను అనబోతున్నానని ఆమెకు తెలిసినట్టుంది.

"గట్లని వాళ్లు చేసింది సక్కగున్నదని నేను అనను" అంది. "నేను రాసిన, నాకు మార్కులు వచ్చినయి. ఇయ్యలేదు. అది తప్పే. నాకు దొరికింది వేరే. రెండూ ఒకటి కావు."

చాదర్‌ఘాట్ వైపు బస్సు వచ్చింది. జనం తోసుకుంటుంటే ఆమె ముందుగా పుస్తకాల సంచి లోపలున్న ఒకామె చేతికి అందించి, తర్వాత తను ఎక్కింది. కిటికీ దగ్గర చోటు దొరకలేదు. నిలబడే నా వైపు చెయ్యి ఊపింది.